నాలుగో ఇటుక

ఉద్యోగంలో చేరాక నేను రబ్బరు కొన్నది ఒక్కసారే. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఒక మూల మాత్రం అరిగింది, మిగతాదంతా కొత్తదిలాగే ఉంటుంది.

మా పనిలో రబ్బరుకి చోటు లేదు. నేల ఎత్తుపల్లాలు కొలిచేవాళ్ళం ఫీల్డ్ బుక్కులో గట్టి పెన్సిలుతో రాస్తాం, చినుకులు పడినా అలుక్కుపోకుండా. అంకె తప్పు పడితే దాని మీద ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. ఒప్పు ఎంత కనబడాలో తప్పూ అంతే కనబడాలి. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే నా సంచీ బల్ల మీద బోర్లించి వెతికాడు. ఏం వెతుకుతున్నారని అడిగితే "రబ్బరు" అన్నాడు. "దొరికితే ఇటునుంచిటే ఇంటికి పంపించేద్దామని."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇంటికి పంపించేవాళ్ళెవరూ ఆఫీసులో మిగల్లేదు. నా రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది.

ఆ సోమవారం మేం నలుగురం రెండో అంతస్తు గదిలో కూర్చున్నాం. రెండేళ్ళుగా అదే గది, అదే నలుగురం. ఒక కాలు పొట్టిదైన పొడుగాటి బల్ల, దాని మీద నది పటం. పటం చివరలు చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు. వంద ఏళ్ళలో ఒకసారి వచ్చేంత పెద్ద వరద వస్తే నీళ్ళు ఎంతదూరం వస్తాయో పటం మీద నీలం గీత గీయడం మా పని. వాన లెక్కలు, నీటి లెక్కలు చూసేది నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నదైన ఒకావిడ. అందరూ లెక్కలమ్మ అంటారు, ఆవిడా పలుకుతుంది. కరకట్టలు, తూములు చూసేది కట్ట ఇంజనీరు. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవచ్చో, ఎక్కడ కట్టుకోకూడదో రాసేది ప్లానరు. నేల ఎంత ఎత్తులో ఉందో చెప్పేది నేను. నేను చెప్పిన ఎత్తుల మీదే ఆ ముగ్గురి లెక్కలూ నిలబడతాయి.

ఆ గీత ఉత్త గీత కాదు. గీత లోపల ఉన్న ఇళ్ళకి ముందు కబురు వెళ్తుంది. నడవలేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ఎవరున్నారో పేరు పేరునా రాసుకుని పడవలు ముందు వాళ్ళ దగ్గరికే పంపుతారు. గీత లోపల మరీ పల్లంగా ఉన్న సందుల్ని మూడేళ్ళలో ఖాళీ చేయించి, ఆ నేలని నదికి వదిలేస్తారు, పొంగినప్పుడు వచ్చి పరుచుకోవడానికి. గీత బయట ఉన్నవాళ్ళకి ఇవేవీ ఉండవు. వాళ్ళ మానాన వాళ్ళు బతకొచ్చు.

కట్ట ఇంజనీరు నోరు ఊరుకోదు. కట్ట ఎంత ఎత్తు ఉండాలో లెక్క కట్టాక దాని మీద ఇంకో అడుగు కలుపుతాడు. ఎందుకని ప్లానరు ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "అది మన తెలివితక్కువతనం వాటా." నదికి చదువు రాదు కాబట్టి సరిపోయిందట, వస్తే మా పటం చూసి పొర్లి పొర్లి నవ్వేదట.

శుక్రవారం పటం మీద సంతకాలు. ఆ సోమవారం లెక్కలమ్మ ఒక కాగితం నా ముందుకి జరిపింది. విమానంలోంచి లేజర్‌తో నేలని కొలిచిన కొత్త సర్వే వచ్చింది. ఊరంతా నా పాత ఎత్తులతో సరిపోయిందట. బ్రిడ్జికి ఎగువన నాలుగు సందుల్లో మాత్రం తేడా వచ్చింది.

"ముప్ఫై ఏడు సెంటీమీటర్లు" అంది. "నాలుగు సందుల్లోనూ అంతే. మీరు చెప్పిన దానికంటే నేల కిందికి ఉందంటోంది విమానం."

ఆ అంకె వినగానే నా చూపుడువేలి కొసకి ఏదో గరుకుగా తగిలినట్టయింది. చేయి బల్ల కిందకి తీసుకున్నాను.

ఆవిడకి అనుమానం విమానం మీదే. ఆ సందులు ఇరుకు, పక్కనే లోతైన మురుగుకాలవలు. కాలవ అడుగునే నేల అనుకుని ఉంటుందంది. నాదే సరైనదని ఒక్క ముక్క రాసిస్తే విమానం లెక్కని నా లెక్కకి లాగేస్తానంది. ప్లానరు అప్పటికే ఊపిరి పీల్చుకున్నాడు. ఆ నాలుగు సందుల్లో నూట నలభై ఇళ్ళున్నాయి. అవి గీత లోపలికి వస్తే ఖాళీ చేయించాల్సిన వాటిలో ముందు వరసలో అవే ఉంటాయి.

"మిల్లీమీటరు మాట మీద విమానం మాటేంటండీ" అన్నాడు కట్ట ఇంజనీరు. "రాకెట్టు పంపినా అప్పీలు లేదు."

మిల్లీమీటరు అంటే నేను. ఆ పేరు నాకు ముప్ఫై ఏళ్ళ కిందట పడింది. ఎక్కడ కొలత మొదలుపెట్టామో అక్కడికే తిరిగి వచ్చి ముగించాలన్నది మా పద్ధతి. మొదట్లో ఉన్న ఎత్తు, చివర్లో వచ్చిన ఎత్తు ఒకటే కావాలి. అందరికీ రెండు మూడు వేళ్ళ తేడా వచ్చే చోట నాకు మిల్లీమీటర్లలో వచ్చేది. మొదట ఎగతాళికి అన్నారు, తర్వాత మర్యాదకి అన్నారు. నేను ఒక్కణ్ణే ఉంటాను, ఇంటికి వచ్చిపోయేవాళ్ళు తక్కువ. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, నాకు ఉన్న ఆస్తి ఆ పేరే.

శుక్రవారం లోపు ఒకసారి వెళ్ళి చూసి చెబుతానన్నాను. ముగ్గురూ తలలూపారు. నా భయాన్ని జాగ్రత్త అనుకున్నారు.

లేచేముందు లెక్కలమ్మ రికార్డుల గది నుంచి తెప్పించిన పాత ఫీల్డ్ బుక్కు తెరిచి చూపించింది. పంతొమ్మిదేళ్ళ కిందటిది. అంకెలన్నీ గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. ఎంత శుభ్రంగా రాశారండీ అంది. ఆవిడ కళ్ళతో చూసింది. ఆ పేజీలో అడుగు నుంచి మూడో వరస దగ్గర కాగితం పలచబడి ఉంటుంది. అది కళ్ళకి ఆనదు.

పంతొమ్మిదేళ్ళ కిందటి ఆ రోజు పొద్దున బ్రిడ్జి పక్కనున్న రాయి దగ్గర మొదలుపెట్టాం. ప్రభుత్వం ఎప్పుడో ఎత్తు కట్టి పాతిన రాయి అది. అక్కణ్ణుంచి మార్కెట్టు, మార్కెట్టు నుంచి నాలుగు సందులు, స్కూలు వెనక నుంచి మళ్ళీ బ్రిడ్జి. నేను లెవెల్ యంత్రంలోంచి చూసి అంకె చదవాలి, కర్ర పట్టే మనిషి అంకెలున్న పొడుగాటి కర్రని నిటారుగా పట్టుకోవాలి. సాయంత్రం రాయి దగ్గరికి తిరిగొచ్చి లెక్క కడితే, పొద్దున ఉన్న ఎత్తుకి ముప్ఫై ఏడు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. పొద్దున వదిలి వెళ్ళిన రాయి సాయంత్రానికి పెరిగిందన్నమాట. రాళ్ళు పెరగవు.

దారంతా మళ్ళీ కొలవాలి, అదే నియమం. ఒక నాలుగు గంటల పని. ఆ సాయంత్రం కాకపోతే మర్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, మిల్లీమీటరు పుస్తకం చూడాలని ముచ్చటపడి. కర్ర పట్టే మనిషి ఆకలేస్తోంది సార్ అని ఒక్కసారే అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఆకలి మీదే నెట్టాను. మళ్ళీ కొలిచి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. అందరికీ జరిగేదే. అందరికీ జరిగేది నాకూ జరిగిందని ఆ పుస్తకంలో ఉండటం నేను తట్టుకోలేకపోయాను.

అబద్ధం రాద్దామని కూర్చోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో నేనే నిర్ణయించాను, అంతే. స్కూలు వెనక చివరి దారిలో వెలుతురు తగ్గింది, అక్కడే తప్పు చదివి ఉంటాననుకున్నాను. సందులు కొలిచింది మిట్టమధ్యాహ్నం. మధ్యాహ్నపు నేను తప్పు చేయడు, సాయంత్రపు నేను చేసి ఉంటాడు. తప్పుని నాలోనే ఇంకొకడి మీదకి తోసేశాను. బ్రిడ్జి దిగువన స్టేషనరీ షాపులో రబ్బరు కొంటుంటే షాపాయన "పిల్లలకా?" అన్నాడు. అవునన్నాను. నాకు పిల్లల్లేరు.

చివరి దారిలో ఒక అంకె చెరిపి వేరే అంకె వేశాను. కర్ర పట్టే మనిషి నది వైపు తిరిగి నిలబడ్డాడు. రాయి తన ఎత్తుకి తాను దిగింది. తప్పు చివరి దారిలో కాక, మొదటి సందు మొగలోనే జరిగి ఉంటే, నాలుగు సందులూ ముప్ఫై ఏడు సెంటీమీటర్లు ఉత్తపుణ్యానికి పైకి లేచి అక్కడే ఉండిపోతాయి. ఆ సంగతి అప్పుడూ తెలుసు. దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించకపోవడం కూడా ఒక పనే, దానికీ ఓపిక కావాలి. పంతొమ్మిదేళ్ళు చేశాను.

ఆ నాలుగింటిలో రెండో సందులో మూడో ఇల్లు మా అక్కది.

నేను కొలిచిన మూడేళ్ళకి కొన్నారు. కొనేముందు అక్క నన్ను పిలిచింది. కుళాయి దగ్గర ఒక ముసలావిడ, ఎప్పుడో ఇక్కడికి నీళ్ళొచ్చాయని అందట. నేను పటం తీసుకెళ్ళి వాళ్ళ వంటగదిలో పరిచాను. ఎంత పెద్ద వరదైనా మీ గడపకి పదహారు సెంటీమీటర్ల కిందే ఆగిపోతుంది, కావాలంటే రాసిస్తానన్నాను. బావ అప్పట్లో లేచి తిరిగే మనిషే. "పదిహేను కాదు, పదిహేడు కాదు, పదహారట" అని నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. "వాడు చెప్పాడంటే చెప్పాడే" అంది.

ఆ మాట అన్నప్పుడు రబ్బరు గుర్తుకొచ్చింది. వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు.

మంగళవారమంతా నాతో నేను వాదించుకున్నాను. ఇల్లు కొని పదహారేళ్ళయింది, ఒక్కసారీ నీళ్ళు రాలేదు. వందేళ్ళలో ఒకసారి అంటే అక్క కాలం, బావ కాలం, నా కాలం దాటిపోయాక కూడా రావొచ్చు. విమానం నిజంగానే మురుగుకాలవని కొలిచి ఉండొచ్చు. బావ పక్షవాతంతో మంచాన పడి నాలుగేళ్ళయింది. ఆ మనిషిని ఇల్లు మార్పించడమే ఒక వరద. ఒక్కొక్క వాదనా విడిగా చూస్తే న్యాయంగానే ఉంది. అన్నీ కలిసి ఒకే వైపు నడుస్తున్నాయి, అదొక్కటే అనుమానంగా ఉంది.

బుధవారం పొద్దున యంత్రం, కర్ర ఆటోలో వేసుకుని అక్క వాళ్ళ సందుకి వెళ్ళాను. కర్ర పట్టే మనిషిని వెంట తీసుకెళ్ళలేదు. పని ఒత్తిడి వల్ల కాదు, సాక్షి ఉండకూడదని.

బావ మంచం ముందుగదిలో, కిటికీ పక్కన ఉంటుంది. సగం నోరే నవ్వుతుంది, మాట ముద్దగా వస్తుంది కానీ వెటకారం తగ్గలేదు.

"ఏంట్రా మిల్లీమీటరూ, మా ఇల్లు పెరిగిందేమో చూద్దామని వచ్చావా?"

ఏదో మామూలు తనిఖీ అన్నాను. కర్ర పట్టుకునే మనిషి రాలేదంటే అక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. పక్కింటావిణ్ణి బావ మీద ఒక కన్నేసి ఉంచమని చెప్పి, కర్ర పట్టుకోవడమేగా, దానికి మళ్ళీ డిగ్రీ కావాలా అంది. పంపుహౌసు గోడ మీద ఈ మధ్యే ఎత్తు కట్టి పెట్టిన మా కొత్త గుర్తు ఉంది. అక్కడ మొదలుపెట్టి, మూడు చోట్ల యంత్రం దింపుకుంటూ వాళ్ళ గడప దాకా వచ్చాం. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు సరిగ్గా లేవు. చెప్పిన చోటల్లా కర్ర నిలబెట్టి, ఊపిరి బిగబట్టి నిలుచుంది. యంత్రంలోంచి చూస్తే మనిషి కనబడదు. కర్ర మీద అంకెలు, వాటి పక్కన కణుపులు ఉబ్బిన నాలుగు వేళ్ళు మాత్రమే కనబడ్డాయి. గడప దగ్గర అంకె మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ అదే వచ్చింది.

తిరిగి పంపుహౌసు దాకా కొలుచుకుంటూ వెళ్ళి ముగించాను. రెండు మిల్లీమీటర్ల తేడా. అంత బాగా నేనెప్పుడూ కొలవలేదేమో.

"ఎంత?" అంది అక్క.

"జానెడు."

"పైకా, కిందికా?"

"నీళ్ళే పైకి. మీ గడప మీద జానెడు నిలబడతాయి."

అక్క కర్ర నా చేతికిచ్చి లోపలికెళ్ళింది. టీ పెడుతుందనుకున్నాను. వెనకగదిలోంచి పిలిచింది. చెక్క బీరువాని ఒక పక్కకి నెట్టమంది. ఇద్దరం కలిసి జరిపాం. వెనక గోడ మీద, నేల నుంచి జానెడు ఎత్తున, గోధుమరంగు చార ఒకటి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. దాని కింద సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. మా వృత్తిలో అలాంటి చారల కోసం ఇల్లిల్లూ తిరుగుతాం. ఎండలో తిరిగి, కుక్కలతో కరిపించుకుని, నీళ్ళు ఎంతదాకా వచ్చాయమ్మా అని అడుగుతాం. దీనికి అడగక్కర్లేదు. ఒకప్పుడు నీళ్ళు ఈ గదిలోకి వచ్చి, నిలబడి, వెళ్ళాయి.

"దిగిన ఏడాదే కనబడింది" అంది. "రెండుసార్లు సున్నం కొట్టించాను. ఆరగానే మళ్ళీ పైకొస్తుంది. అందుకే బీరువా అడ్డం పెట్టాను."

"నాకు చెప్పలేదేం అక్కా?"

"నువ్వు అంత గట్టిగా చెప్పావు కదరా. గోడే అబద్ధమాడుతోందనుకున్నాను."

నేను నేల మీద కూర్చుండిపోయాను. రబ్బరు సంగతి చెప్పాను. షాపాయన అడిగినదీ, నేను అవునన్నదీ కూడా చెప్పాను. ఎందుకు చేశానో చెప్పబోతే, అక్కర్లేదన్నట్టు చేయి ఊపింది. అమ్మ పోయాక నన్ను స్కూలుకి తయారుచేసింది తనే. నేనెందుకు ఏం చేస్తానో నాకంటే ముందే తనకి తెలుసు. ఒక్కటే అడిగింది.

"ఆ రోజు ఇంకో నాలుగు గంటలు ఉండి ఉంటే సరిపోయేదా?"

"సరిపోయేది."

తల ఊపింది. ఆ తల ఊపడంలో కోపం లేదు. కోపముంటే పట్టుకోవడానికి నాకేదైనా దొరికేది.

గీత లోపలికి వస్తే ఏమవుతుందో అడిగింది. మూడేళ్ళలో ఖాళీ చేయాలని, వేరే చోట ఇల్లిస్తారని, అది రెండో అంతస్తు కూడా కావొచ్చని చెప్పాను. ముందుగదిలోంచి బావ దగ్గు వినబడింది. దగ్గు ఆగేదాకా ఇద్దరం అటే చూశాం.

"ఆయన్ని పక్కకి తిప్పడానికే ఇద్దరు కావాలి" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పకపోతే మేం ఇక్కడే ఉంటాం కదా?"

"ఉంటారు."

"నీళ్ళొస్తే?"

"పడవల లిస్టులో బావ పేరుండదు. గీత బయటివాళ్ళకి ఎవరూ రారు."

"మిగతా సందులవాళ్ళకీ అంతేనా?"

"అంతే."

బీరువా అంచు మీద దుమ్ము వేలితో తుడిచింది. ఏం చేయమంటావని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"నన్నడక్కురా. అప్పుడు అడిగిందీ నేనే, ఇప్పుడు చెప్పాల్సిందీ నేనేనా?"

బీరువా మళ్ళీ గోడకి నెట్టబోతే వద్దంది. అలాగే వదిలేసి వచ్చాను.

గురువారం సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. సొరుగు ఒకసారి తీశాను, మూశాను. ఏమీ చేయని రోజు అది.

శుక్రవారం పటం కొత్తగా ప్రింటు తీసి బల్ల మీద పరిచారు. ఈసారి మూలలకి కప్పులు కాదు, నాలుగు అందమైన రాళ్ళు తెచ్చాడు కట్ట ఇంజనీరు, సంతకాల రోజు కదా అని. నాలుగు సందులూ గీత బయట తెల్లగా ఉన్నాయి. లెక్కలమ్మ నా వైపు చూసింది. విమానమే కరెక్టు అన్నాను. బుధవారం మళ్ళీ కొలిచానని, నా పాత ఎత్తు ముప్ఫై ఏడు సెంటీమీటర్లు ఎక్కువని చెప్పాను.

ప్లానరు కలం మూత పెట్టేశాడు. నూట నలభై ఇళ్ళు, మళ్ళీ నోటీసులు, మళ్ళీ జనంతో మీటింగులు, ఆరు నెలల పని అని సణిగాడు. ఆయన తప్పేం లేదు. కట్ట ఇంజనీరు నా భుజం మీద చెయ్యేశాడు. పాత కర్రల పై ముక్క సరిగ్గా బిగిసేది కాదని, జారిపోయి అంకెలు మారేవని, అలా రాసేద్దామని అన్నాడు. తలుపు తీసి పట్టుకున్నట్టుగా ఉంది ఆ మాట. ఒక్క అడుగు వేస్తే చాలు, అవతల నా పేరు నాకు ఉంటుంది. అక్క కర్ర పట్టుకున్న నాలుగు వేళ్ళు కనబడ్డాయి. ఆ కర్ర జారలేదు.

"కర్ర జారలేదు" అన్నాను. "నేనే చెరిపాను."

కట్ట ఇంజనీరు చెయ్యి నా భుజం మీద కాసేపు ఉండి, తర్వాత మెల్లగా తొలిగింది. ఆ చెయ్యి దానంతటదే వెళ్ళినట్టుంది. ఆయన పటం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ఇక జోకు వేయలేదు.

లెక్కలమ్మ ఫీల్డ్ బుక్కు తెచ్చి పేజీ తీసింది. ఎక్కడ అంది. అడుగు నుంచి మూడో వరస చూపించాను. వంగి చూసింది, ఏమీ కనబడలేదంది.

"కళ్ళతో కాదమ్మా. వేలితో చూడండి."

వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. ఆ చోటికి రాగానే వేలు ఆగింది. పంతొమ్మిదేళ్ళుగా నేను తప్ప ఎవరూ తాకని చోటది. వేలు తీసి, చీర కొంగుకి తుడుచుకుంది, అక్కడేదో అంటినట్టు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయండీ?"

"ఇదొక్కటే."

"సరే" అని తన కాగితం మీద ఏదో రాసుకుంది. నమ్మిందో లేదో ముఖంలో తెలియలేదు. నమ్మకూడదు కూడా. మర్నాటి నుంచి నా పుస్తకాలన్నీ రికార్డుల గది నుంచి ఆవిడ బల్ల మీదకి వచ్చాయి. ఒక్కొక్క పేజీ ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టి చూసేది, తర్వాత వేలితో తడిమేది. నేను ఎదురుగా కూర్చుని నా పని చేసుకునేవాణ్ణి. ఇంకేమీ దొరకలేదు. దొరకకపోవడం వల్ల ఏదీ తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆ గదిలో అందరూ నన్ను "సర్వేయర్ గారూ" అని పిలుస్తున్నారు.

ఆ శుక్రవారం సాయంత్రమే గీత జరిగింది. నీలం పెన్సిలు లెక్కలమ్మ పట్టుకుంది. నాలుగు సందుల్నీ చుట్టి, మార్కెట్టు అంచు దాకా తెచ్చి కలిపింది. అందరం సంతకాలు పెట్టాం. ఆ సందుల్లో నడవలేనివాళ్ళ లిస్టుకి ఎవరైనా ఉన్నారా అని ప్లానరు అడిగాడు. మొదటి పేరు నేనే చెప్పాను, ఇంటి నెంబరుతో సహా. ఏమవుతారు అన్నాడు. బావ అన్నాను.

తర్వాత రెండు వారాలు అక్క ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. నోటీసులు వెళ్ళాయని, ఆ సందుల్లో జనం ఆఫీసు గేటు దాకా వచ్చి వెళ్ళారని తెలుసు. వాళ్ళలో అక్క ఉందేమోనని పై కిటికీలోంచి వెతికాను. లేదు. మూడో ఆదివారం పొద్దున ఫోను మోగింది.

"వానాకాలం వస్తోంది. ఆయన మంచం ఎత్తించాలి. ఇటుకలు తెప్పించాను, రా."

అంతే, పెట్టేసింది.

వెళ్ళేసరికి గుమ్మం పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి. పక్కింటి అన్నదమ్ములిద్దరు బావతో సహా మంచాన్ని ఒక వైపు ఎత్తి పట్టుకుంటే, నేను కోళ్ళ కింద ఇటుకలు పెట్టాను. ఇటుక ఏడున్నర సెంటీమీటర్లు. మూడు పెడితే ఇరవై రెండున్నర. గడప మీద నీళ్ళు ఇరవై ఒకటి. నాలుగు కోళ్ళకీ మూడేసి పెట్టి, సంచీలోంచి చిన్న బుడగమట్టం తీసి మంచం పట్టె మీద ఉంచాను. బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది. తలగడ మీంచి బావ దాన్నే చూస్తున్నాడు.

"చూడు చూడు" అన్నాడు సగం నోటితో. "ఒక పక్కకి ఒరిగితే దొర్లి నదిలో పడతాను."

పక్కింటివాళ్ళు నవ్వారు. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. వెనకగది తలుపు తెరిచే ఉంది, బీరువా ఇంకా పక్కకే ఉంది.

"నాలుగోది పెట్టు" అంది.

"మూడు చాలక్కా. లెక్క ప్రకారం..."

అక్క నా వైపు చూడలేదు. వంగి, మోకాలి మీద ఒక చెయ్యి ఆనించి, నాలుగో ఇటుక తనే ఎత్తి నాకు అందించింది. పక్కింటివాళ్ళు మళ్ళీ మంచం పట్టుకున్నారు. నేను బుడగమట్టం తీసి జేబులో వేసుకున్నాను, ఇటుక అందుకుని మొదటి కోడు కింద పెట్టాను.